డాక్టర్ హూ బొమ్మల సేకరణ

డాక్టర్ హూ బొమ్మల సేకరణ అనగా బ్రిటన్‌కు చెందిన "డాక్టర్ హూ" అనే టెలివిజన్ ధారావాహికకు సంబంధించిన బొమ్మలను, ఆట వస్తువులను, ఇతర జ్ఞాపక వస్తువులను పోగుచేసి భద్రపరచే అభిరుచి. బీబీసీ సంస్థ 1963లో ప్రారంభించిన ఈ వైజ్ఞానిక కల్పనా ధారావాహికను అత్యంత దీర్ఘకాలం నడిచిన సైన్స్ ఫిక్షన్ టెలివిజన్ ధారావాహికగా 2006లో గిన్నిస్ సంస్థ గుర్తించినది. దీని బొమ్మల సేకరణకు, ఇతర ధారావాహికల బొమ్మల సేకరణకు ఒక ముఖ్యమైన తేడా ఉన్నది. డాక్టర్ హూ తొలి భాగాలలో చాలావాటిని బీబీసీ తానే చెరిపివేసినది. పాత భాగాల పునఃప్రసారాలు కూడా చాలా అరుదుగా జరిగేవి. కనుక అనేక సంవత్సరాల పాటు ప్రేక్షకుల ఇళ్ళలో మిగిలిన బొమ్మలు, పుస్తకాలు, టేపులే ఆ ధారావాహిక జ్ఞాపకానికి ఆధారాలుగా నిలిచాయి.

ధారావాహిక నేపథ్యం

డాక్టర్ హూ మొదటి భాగం 1963 నవంబరు 23 శనివారం సాయంత్రం ప్రసారమైనది. అంతకు ముందురోజే అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్. కెన్నెడీ హత్యకు గురైనందున ప్రజల దృష్టి అంతా ఆ వార్తపైనే ఉన్నది. అందువలన మరుసటి వారం రెండవ భాగానికి ముందు మొదటి భాగాన్ని మళ్ళీ ప్రసారం చేశారు. బీబీసీ నాటక విభాగాధిపతి సిడ్నీ న్యూమన్ ఈ ధారావాహిక రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించగా, వెరిటీ లాంబర్ట్ మొదటి నిర్మాతగా, వారిస్ హుస్సేన్ మొదటి కథకు దర్శకుడిగా పనిచేశారు.

కథానాయకుడు "డాక్టర్" అని పిలువబడే ఒక గ్రహాంతరవాసి. ఇతడు "టార్డిస్" అనే కాలయంత్రంలో భూత భవిష్యత్ కాలాలకు, ఇతర గ్రహాలకు ప్రయాణిస్తాడు. టార్డిస్ బయటకు నీలిరంగు పోలీసు టెలిఫోను పెట్టె వలె చిన్నదిగా కనిపించినా లోపల చాలా విశాలంగా ఉంటుంది. మరణం సమీపించినపుడు డాక్టరు కొత్త శరీరాన్ని, కొత్త రూపాన్ని పొందుతాడు. ఈ ఏర్పాటు వలన ఒక నటుడు తప్పుకొన్నపుడు మరొక నటుడు అదే పాత్రను కొనసాగించగలిగాడు. 1966 అక్టోబరు 29న ప్రసారమైన భాగంలో విలియం హార్ట్‌నెల్ స్థానంలోకి పాట్రిక్ ట్రౌటన్ రావడం ఇటువంటి మొదటి మార్పు. ప్రతి తరం ప్రేక్షకులకు తమ చిన్ననాటి డాక్టరు ఒకరు ఉండటానికి, వారు ఆ డాక్టరు బొమ్మనే ముందుగా వెదకడానికి కారణం ఇదే.

డాలెక్కుల మోజు

సేకరణ చరిత్ర డాలెక్కులతో మొదలవుతుంది. ఇవి లోహపు కవచాలలో ఉండి మానవజాతిని ద్వేషించే గ్రహాంతర జీవులు. ఇవి 1963 డిసెంబరులో మొదలైన రెండవ కథలో పరిచయమయ్యాయి. ఈ కథను టెర్రీ నేషన్ రచించగా, డాలెక్కు ఆకారాన్ని బీబీసీ ఉద్యోగి రేమండ్ క్యూసిక్ రూపొందించాడు. కాళ్ళు లేకుండా నేలపై జారుతూ, బొంగురు గొంతుతో మాట్లాడే ఈ ఆకారం పిల్లలను భయపెడుతూనే ఆకర్షించినది. పిల్లలు బడి ఆవరణలలో డాలెక్కుల వలె నడవడం, మాట్లాడడం ఒక ఆటగా మారినది.

1964, 1965 సంవత్సరాలలో బ్రిటన్ అంతటా డాలెక్కుల మోజు వ్యాపించినది. లూయీ మార్క్స్ సంస్థ బ్యాటరీతో నడిచే డాలెక్కు బొమ్మలను, అడుగున గుండ్రని గోళీ అమర్చిన అంగుళం ఎత్తు గల "రోలీకిన్" బొమ్మలను తయారుచేసినది. పిల్లలు ధరించే డాలెక్కు దుస్తులు, పుస్తకాలు, తినుబండారాలతో వచ్చే చిత్రపటాలు కూడా వెలువడ్డాయి. పీటర్ కుషింగ్ కథానాయకుడిగా 1965, 1966లలో రెండు చలనచిత్రాలు కూడా వచ్చాయి.

ఈ వ్యాపారంలో రచయిత టెర్రీ నేషన్‌కు హక్కుల ద్వారా ఎంతో ధనం లభించినది. కానీ డాలెక్కు రూపాన్ని సృష్టించిన క్యూసిక్ జీతగాడు కావడం వలన ఆ రూపంపై హక్కు బీబీసీదే అయినది. అతనికి స్వల్పమైన బహుమానం మాత్రమే దక్కినది. క్యూసిక్ 2013లో మరణించాడు. లక్షలాది ఇళ్ళలోకి చేరిన బొమ్మకు రూపమిచ్చిన వ్యక్తికి దాని లాభంలో వాటా లేకపోవడం ఈ ధారావాహిక చరిత్రలో తరచుగా ప్రస్తావనకు వచ్చే విషయం.

చెరిపివేసిన భాగాలు

ఆ కాలంలో వీడియో టేపులు చాలా ఖరీదైనవి. నటుల సంఘంతో ఉన్న ఒప్పందాల వలన పాత కార్యక్రమాలను మళ్ళీ ప్రసారం చేయడానికి పరిమితులు ఉండేవి. రంగుల ప్రసారాలు వచ్చిన తరువాత నలుపు తెలుపు కార్యక్రమాలకు విలువ ఉండదని కూడా భావించారు. ఇంటిలో వీడియో చూసే సౌకర్యం అప్పటికి లేదు. ఈ కారణాల వలన 1967 నుండి 1978 వరకు బీబీసీ అనేక డాక్టర్ హూ టేపులను చెరిపి తిరిగి వాడుకొన్నది. విదేశాలకు అమ్మడానికి తీసిన ఫిల్ము ప్రతులను కూడా చాలావరకు నాశనం చేసినది.

1960 దశకంలో ప్రసారమైన 253 భాగాలలో కొన్ని ప్రతులు తరువాత విదేశీ టెలివిజన్ సంస్థల వద్ద, వ్యక్తుల వద్ద లభించాయి. 1967 నాటి "టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్" అనే కథ పూర్తిగా పోయినదని భావించగా 1991 చివరలో హాంగ్‌కాంగ్ నుండి తిరిగి వచ్చినది. నైజీరియాలోని జోస్ నగరంలో దొరికిన 9 భాగాల సంగతి 2013 అక్టోబరులో ప్రకటించారు. దాని తరువాత, 2013 చివరి నాటికి 97 భాగాలు లభ్యం కానివిగా మిగిలాయి. హార్ట్‌నెల్ రూపం మారిన 1966 నాటి భాగం కూడా వీటిలో ఒకటి. ఆ మార్పు జరిగే కొద్ది క్షణాల దృశ్యం మాత్రం వేరొక పిల్లల కార్యక్రమంలో వాడినందున మిగిలినది.

దృశ్యాలు పోయినా, పోయిన ప్రతి భాగానికీ శబ్దం మిగిలి ఉన్నది. కొందరు ప్రేక్షకులు ప్రసార సమయంలో టెలివిజన్ దగ్గర టేపు రికార్డరు పెట్టి శబ్దాన్ని నమోదు చేసుకోవడమే దీనికి కారణం. ఆ టేపుల ఆధారంగానే "ఇన్వేజన్" కథలోని పోయిన భాగాలు 2006లోను, "పవర్ ఆఫ్ ది డాలెక్స్" 2016లోను యానిమేషన్ రూపంలో పునర్నిర్మించబడ్డాయి. సంస్థ భద్రపరచని దానిని పిల్లలు, ఇళ్ళలోని సామాన్య ప్రేక్షకులు భద్రపరచినట్లయినది.

1970 దశకపు బొమ్మలు

1974 నుండి 1981 వరకు టామ్ బేకర్ డాక్టరుగా నటించాడు. పొడవైన రంగురంగుల ఉన్ని కండువా ఇతని గుర్తు. ఈ దశకపు రెండవ సగంలో డెనిస్ ఫిషర్ సంస్థ సుమారు 10 అంగుళాల ఎత్తు గల బొమ్మలను విడుదల చేసినది. వీటిలో డాక్టరు, అతని సహచరి లీలా, సైబర్‌మాన్, జెయింట్ రోబో, డాలెక్కు, కే-9 అనే యంత్రపు కుక్క ఉన్నాయి. వీటితో పాటు వచ్చిన టార్డిస్‌లో బొమ్మను నిలబెట్టి, పైనున్న మీటను నొక్కితే లోపలి భాగం తిరిగి బొమ్మ మాయమైనట్లు కనిపించేది.

ఈ బొమ్మలు అసలు పాత్రలను పూర్తిగా పోలి ఉండేవి కావు. డాక్టరు బొమ్మ ముఖంలో టామ్ బేకర్ పోలికలు తక్కువ. సైబర్‌మాన్ ముసుగుకు ధారావాహికలో లేని ముక్కు బొమ్మలో ఉన్నది. అయినా పిల్లలకు ఇవి అడ్డంకి కాలేదు. పాలిటాయ్ సంస్థ చేసిన మాట్లాడే డాలెక్కు (1975), మాట్లాడే కే-9 (1978) కూడా ఈ కాలానివే. వీటిలో అమర్చిన చిన్న రికార్డు ద్వారా మాటలు వినిపించేవి.

బొమ్మలు కొనలేని పిల్లలకు వీటాబిక్స్ అనే అల్పాహారపు పెట్టెలు ఉపయోగపడ్డాయి. 1975లో, మళ్ళీ 1977లో ఈ పెట్టెలలో డాక్టర్ హూ పాత్రల అట్ట బొమ్మలను ఉంచారు. వాటిని నిలబెట్టి, పెట్టె వెనుక ముద్రించిన దృశ్యాల ముందు ఆడుకొనేవారు. అట్టతో చేసినందున వీటిలో చాలావరకు చిరిగిపోయాయి. అందువలన చక్కగా మిగిలిన పూర్తి వరుస నేడు సేకరణకర్తలకు అపురూపమైనది.

పుస్తకాలు, పత్రిక, ప్రదర్శనలు

వీడియోలు లేని కాలంలో పాత కథలను తెలుసుకోవడానికి ముఖ్యమైన మార్గం టార్గెట్ ప్రచురణ సంస్థ 1973 నుండి వెలువరించిన నవలలు. ప్రసారమైన కథలనే ఇవి నవలలుగా చెప్పేవి. వీటిలో 60కి పైగా పుస్తకాలను టెరెన్స్ డిక్స్ వ్రాశాడు. 1979 అక్టోబరులో వారపత్రికగా మొదలైన "డాక్టర్ హూ వీక్లీ" తరువాత మాసపత్రికగా మారినది.

లాంగ్‌లీట్‌లోను, బ్లాక్‌పూల్‌లోను 1970 దశకంలో ప్రదర్శనశాలలు ప్రారంభమయ్యాయి. చిత్రీకరణలో వాడిన దుస్తులను, యంత్రాలను ఇక్కడ చూడగలిగేవారు. 1981 నవంబరులో బీబీసీ-2 ఐదు పాత కథలను పునఃప్రసారం చేసినది. 1963 నాటి మొదటి కథను కొత్త తరం మొదటిసారి చూసినది అప్పుడే. "రివెంజ్ ఆఫ్ ది సైబర్‌మెన్" 1983లో మొదటి వీడియో క్యాసెట్టుగా వచ్చినది.

డాపోల్ బొమ్మలు

నమూనా రైళ్ళ తయారీకి పేరుపొందిన డాపోల్ సంస్థ ధారావాహిక 25వ వార్షికోత్సవ సందర్భంగా 1988లో బొమ్మలను విడుదల చేసినది. ఏడవ డాక్టరు (సిల్వెస్టర్ మెకాయ్), అతని సహచరి మెల్, టెట్రాప్ అనే గబ్బిలం వంటి జీవి, కే-9, డాలెక్కులు మొదలైనవి ఇందులో ఉన్నాయి. ఈ బొమ్మలు వాటి పొరపాట్లకు ప్రసిద్ధి చెందాయి.

కే-9: ధారావాహికలో బూడిద రంగులో ఉండే కుక్కను మొదట ఆకుపచ్చ రంగులో చేశారు.
దావ్రోస్: డాలెక్కుల సృష్టికర్తయైన ఈ పాత్రకు ఒకే చేయి పనిచేస్తుంది. మొదటి బొమ్మకు రెండు చేతులు పెట్టారు.
టార్డిస్ నియంత్రణ బల్ల: ఆరు పక్కలు ఉండవలసిన బల్లకు ఐదు పక్కలే చేశారు.

తరువాత కే-9 రంగును, దావ్రోస్ చేతిని సరిచేశారు. సాధారణంగా తప్పుతో వచ్చిన వస్తువు విలువ తగ్గుతుంది. ఇక్కడ మాత్రం సరిచేయకముందు వచ్చిన ఆకుపచ్చ కుక్క, రెండు చేతుల దావ్రోస్ ప్రత్యేకమైన గుర్తింపు పొందాయి. డాపోల్ సంస్థ ఆ తరువాత వేల్స్‌లోని లాంగోలెన్ పట్టణానికి తరలినది. అక్కడ 1995 నుండి 2003 వరకు ఒక డాక్టర్ హూ ప్రదర్శనశాల కూడా నడిచినది.

ప్రసారం నిలిచిన కాలం

1989 డిసెంబరు 6న 26వ వరుస చివరి భాగం ప్రసారమైన తరువాత ధారావాహిక నిలిచిపోయినది. 1996లో పాల్ మెక్‌గాన్ నటించిన ఒక టెలివిజన్ చిత్రం మాత్రమే మధ్యలో వచ్చినది. దాదాపు 15 సంవత్సరాల ఈ కాలాన్ని అభిమానులు పుస్తకాలతో, వీడియోలతో, బొమ్మలతో నింపుకొన్నారు. డాపోల్ బొమ్మల ఉత్పత్తి కొనసాగినది. వర్జిన్ సంస్థ 1991 నుండి కొత్త నవలలను ప్రచురించినది. బిగ్ ఫినిష్ సంస్థ 1999 నుండి పాత నటుల గొంతులతో శ్రవ్య నాటకాలను నిర్మించినది.

ఈ కాలంలో వ్రాసిన, నటించిన అభిమానులే తరువాత ధారావాహికను నడిపారు. వర్జిన్ సంస్థకు 1996లో ఒక నవల వ్రాసిన రసెల్ టి. డేవిస్ 2005లో ధారావాహికను పునఃప్రారంభించాడు. బిగ్ ఫినిష్ మొదటి నాటకానికి రచయిత, దర్శకుడు అయిన నికొలస్ బ్రిగ్స్ అదే సంవత్సరం నుండి టెలివిజన్‌లో డాలెక్కుల గొంతు అయ్యాడు. పదవ డాక్టరుగా నటించిన డేవిడ్ టెన్నంట్ చిన్ననాడు ఈ ధారావాహిక చూసి నటుడు కావాలని కోరుకొన్నాడు. పన్నెండవ డాక్టరుగా నటించిన పీటర్ కపాల్డీ బాలుడిగా ఉన్నపుడు ధారావాహికను మెచ్చుకొంటూ వ్రాసిన ఉత్తరం 1974లో రేడియో టైమ్స్ పత్రికలో అచ్చయినది.

పునఃప్రారంభం తరువాత

2005 మార్చి 26న క్రిస్టొఫర్ ఎకిల్‌స్టన్ తొమ్మిదవ డాక్టరుగా కొత్త ధారావాహిక మొదలైనది. క్యారెక్టర్ ఆప్షన్స్ సంస్థ దీనికి బొమ్మలు చేయసాగినది. సుమారు 5 అంగుళాల ఎత్తు గల ఈ బొమ్మలలో నటుల ముఖకవళికలు స్పష్టంగా ఉండేవి. ఇదే సంస్థ 2008 నుండి పాత ధారావాహిక పాత్రలను కూడా అదే పరిమాణంలో చేసినది. మొదటి విడత బొమ్మలతో పాటు జెయింట్ రోబో శరీర భాగాలను ఒక్కొక్కటిగా ఇచ్చారు. అన్ని బొమ్మలను కొన్నవారు ఆ భాగాలను కలిపి రోబోను నిలబెట్టవచ్చు. తరువాత పదకొండుమంది డాక్టర్లను ఒకే పెట్టెలో విడుదల చేశారు. తమ చిన్ననాటి నటునికి సరైన బొమ్మ లేదనుకొన్న పెద్దవారు ఈ బొమ్మలకు ముఖ్యమైన కొనుగోలుదారులయ్యారు.

2013లో బొమ్మల పరిమాణాన్ని 3.75 అంగుళాలకు తగ్గించారు. కొత్త బొమ్మలు పాత వరుస పక్కన చిన్నవిగా కనిపించడంతో చాలామంది సేకరణకర్తలు అసంతృప్తి చెందారు. తరువాతి సంవత్సరాలలో పెద్ద పరిమాణం బొమ్మలు మళ్ళీ వచ్చాయి. 2013లోనే ఈగిల్‌మాస్ సంస్థ 21వ వంతు పరిమాణంలో, చేతితో రంగులు వేసిన రెసిన్ బొమ్మలను చిన్న పత్రికతో పాటు విడతలుగా అందించడం ప్రారంభించినది. ఈ సంస్థ 2022లో ఆర్థిక ఇబ్బందులతో మూతపడినది.

సేకరణ, భద్రత

పాత బొమ్మల విలువను మూడు విషయాలు నిర్ణయిస్తాయి. మొదటిది బొమ్మ స్థితి. రెండవది దానితో వచ్చిన చిన్న వస్తువులు అన్నీ ఉండటం. కండువా, టోపీ, డాలెక్కు ముందుభాగపు కడ్డీ వంటివి సులభంగా పోతాయి. మూడవది పెట్టె. పిల్లలు పెట్టెను చించి పారవేయడం సహజం కనుక బొమ్మకంటే పెట్టె అరుదైనదిగా మారుతుంది. పోయిన వాటికి బదులుగా కొత్తగా చేసిన నకలు భాగాలు కూడా అమ్మకానికి వస్తాయి కాబట్టి కొనేవారు వాటిని గుర్తించడం నేర్చుకోవాలి.

ప్లాస్టిక్ కూడా శాశ్వతం కాదు. ఎండ తగిలితే తెల్లని ప్లాస్టిక్ పసుపు రంగుకు మారుతుంది. మెత్తని వినైల్ కాలక్రమేణా జిగటగా అవుతుంది. బ్యాటరీలను లోపలే వదిలివేస్తే అవి కారి లోహపు భాగాలను తినివేస్తాయి. కనుక బొమ్మలను నేరుగా ఎండ పడని, వేడి, తేమ తక్కువగా ఉండే చోట ఉంచి, బ్యాటరీలను తీసివేయడం మంచిది.

భారతదేశంతో సంబంధం

మొదటి కథ దర్శకుడు వారిస్ హుస్సేన్ 1938లో లక్నోలో జన్మించాడు. ఇతడు 1964లో ఏడు భాగాల "మార్కో పోలో" కథలో ఆరు భాగాలకు కూడా దర్శకత్వం వహించాడు. చెరిపివేతలో ఈ కథ పూర్తిగా పోయినది. శబ్దం, ఛాయాచిత్రాలు మాత్రమే మిగిలాయి. ధారావాహిక పుట్టుక గురించి 2013లో నిర్మించిన "యాన్ అడ్వెంచర్ ఇన్ స్పేస్ అండ్ టైమ్" చిత్రంలో హుస్సేన్ పాత్రను సాషా ధావన్ పోషించాడు. ధావన్ 2020లో డాక్టరుకు ప్రతినాయకుడైన మాస్టర్‌గా కూడా నటించాడు. 2018 నవంబరు 11న ప్రసారమైన "డీమన్స్ ఆఫ్ ది పంజాబ్" కథ 1947 నాటి దేశ విభజన నేపథ్యంలో సాగుతుంది. దీనిని వినయ్ పటేల్ రచించాడు.

ప్రాముఖ్యత

డాక్టర్ హూ బొమ్మలపై ఉన్న మమకారాన్ని కేవలం బాల్య స్మృతిగా పరిగణించడం సరికాదు. ఒక ప్రజాసంస్థ తన సృష్టికి భవిష్యత్తులో విలువ ఉండదని భావించి చెరిపివేయగా, సాధారణ కుటుంబాలు దానిని గుర్తుంచుకొన్నాయి. ముక్కు ఉన్న సైబర్‌మాన్, ఆకుపచ్చ కుక్క వంటి తప్పుల బొమ్మలతోనే పిల్లలు తాము చూసిన కథలను మళ్ళీ ఆడుకొన్నారు, చూడని కథలను ఊహించుకొన్నారు. ఆ పిల్లలలో కొందరు పెద్దవారై ధారావాహికను మళ్ళీ నిర్మించారు.

ధారావాహిక భవిష్యత్తు ఆ తరువాత కూడా ఒడుదొడుకులకు లోనైనది. 2025 మే 31న పదిహేనవ డాక్టరు న్కూటీ గాట్వా చివరి భాగం ప్రసారమైనది. నిర్మాణంలో భాగస్వామిగా ఉన్న డిస్నీ సంస్థ కొనసాగదని అదే సంవత్సరం అక్టోబరులో వెల్లడైనది. ప్రసారం ఆగడం, ప్రతులు పోవడం, నటులు మారడం ఈ ధారావాహికకు కొత్త కాదు. అటువంటి ప్రతి సందర్భంలోను ఇళ్ళలోని అలమారలు, అటకలు దాని చరిత్రను నిలిపి ఉంచే స్థలాలుగా ఉపయోగపడ్డాయి.